సాక్ష్యం చెప్పి పోగొట్టుకున్న గొంతు

ఆ రోజు నా గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. ఫిలింనగర్‌లోని మా కొట్లో పోలీసు యూనిఫారాల బేరం నడుస్తోంది. మాది సినిమా షూటింగులకు బట్టలు అద్దెకిచ్చే కొట్టు. ఎదురుగా ప్రొడక్షన్ మేనేజరు మూర్తిగారు కూర్చుని, "చొక్కాలకి గుండీలు లేవండీ, సగం అద్దే ఇస్తాను" అంటున్నారు. "గుండీలు మీ ఫైటర్లు తెంపినవే కదండీ" అనబోయాను. "గుండీలు" దాకా వచ్చింది. ఆ తర్వాత పంక్చరైన ట్యూబులోంచి వచ్చినట్టు గాలి మాత్రమే వచ్చింది. మూర్తిగారు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఒప్పుకున్నట్టేగా అమ్మగారూ!" అని బట్టలు జీపులో వేయించుకుని వెళ్లిపోయారు.

మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే ఇటు వస్తున్న కాలమది. మా నాన్నది తెనాలిలో బట్టల కొట్టు, మేనమామలది గాజుల కొట్టు. మా ఇళ్లల్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వస్తుంది. అలాంటి నాకు గొంతు పోవడమంటే కంసాలికి చేతులు పోవడమే.

మిరియాల కషాయం తాగాను. అతిమధురం నమిలాను. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని నిద్రపోయాను. నెల దాటినా బొంగురు పోలేదు. మా టైలరు యాదగిరి ఇక ఊరుకోలేకపోయాడు. "అమ్మా, మీ గొంతు సైలెన్సర్ ఊడిన స్కూటర్ లెక్క అయింది. కరక్కాయతోని గాదు గని, జర దవాఖానకు పోండ్రి."

ఈఎన్‌టీ డాక్టరుగారు నా నాలుకను గుడ్డతో పట్టి లాగి, చిన్న అద్దం గొంతులోకి పెట్టి, "ఈ... అనండి" అన్నారు. నాలుక ఆయన చేతిలో ఉండగా ఎలా అంటానో ఆయనే ఆలోచించలేదు.

"రైట్ వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉంది, అంటే స్వరతంత్రి మీద చిన్న కండ పెరిగింది. మైక్రోలారింగోస్కోపీ అని, నోట్లోంచే గొట్టం పెట్టి ఆపరేషన్ చేసి తీసేస్తాం. క్యాన్సరేమో చూడటానికి ముక్కను బయాప్సీకి పంపిస్తాం."

"మాత్రలతో సర్దుకోలేమా డాక్టరుగారూ?" అని గాలిగా అడిగాను.

"మీరేం చేస్తుంటారమ్మా?"

"వ్యాపారమండీ."

"తెలుస్తూనే ఉంది. ఇక్కడ బేరం లేదు."

"ఆపరేషన్ అయ్యాక గొంతు వస్తుందా?"

"ఎంత వస్తుందనేది మీరు ఎంత బాగా నోరు మూసుకుంటారో దాన్ని బట్టి ఉంటుంది" అన్నారాయన. పక్కనే ఉన్న మా ఆయన ప్రసాదు నిట్టూర్చారు. ఆయనకు అప్పుడే ఆశ పోయింది.

డాక్టరు దగ్గర బేరం కుదరలేదు గనక దేవుడి దగ్గర మొదలుపెట్టాను. దీనికి నాకు బైబిల్లోనే ఆధారం ఉంది. సొదొమ పట్టణాన్ని నాశనం చెయ్యొద్దని అబ్రాహాము దేవుడితో బేరమాడి, అక్కడ యాభైమంది నీతిమంతులుంటే చాలా అని మొదలుపెట్టి పదిమంది దాకా దించుతాడు. సండే స్కూల్లో ఆ కథ విన్నప్పుడే, ఈయన మా బజారు మనిషే అనుకున్నాను. "ప్రభువా, గొంతు బాగుచెయ్యి, ఆదివారం కొట్టు తియ్యను" అన్నాను. జవాబు లేదు. "సినిమా ఫాదర్ల తెల్ల అంగీలకు అద్దె తీసుకోను" అన్నాను. జవాబు లేదు. చివరికి నా దగ్గరున్న పెద్ద సరుకు బయటపెట్టాను. "నువ్వు చేసిన మేలు గురించి సంఘమంతా వినేలా సాక్ష్యం చెబుతాను."

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత వాయిస్ రెస్ట్. మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, గొంతు సవరించుకోకూడదు. ఒక పలక, బలపం కొన్నాం. రాజు కిరీటం కోసం నేను సైగ చేస్తే యాదగిరి జడ్జి కోటు తెచ్చేవాడు. "గిట్ల చేతులూపితే నాకేం సమజైతదమ్మా? రాయుండ్రి" అనేవాడు. మా ఆయన మాత్రం ఏనాడూ లేనంత శ్రద్ధగా బైబిల్ చదవడం మొదలుపెట్టారు. ఒకసారి భోజనాల దగ్గర, "చూశావా శాంతీ, జెకర్యా యాజకుడు, కొడుకు పుడతాడని చెప్పిన దేవదూతకే ఎదురు ప్రశ్న వేశాడు. బిడ్డ పుట్టేదాకా మాట పోయింది" అన్నారు. నేను పలక మీద రాసి చూపించాను: "అక్కడ మూగబోయింది మొగుడు."

బయాప్సీ రిపోర్టు వచ్చింది. "మామూలు పాలిప్, క్యాన్సర్ లేదు. ఇక గొంతులో గాయం మానడమే మిగిలింది" అన్నారు డాక్టరుగారు. ఆ వారమే శ్రీనగర్ కాలనీలోని మా ఇంట్లో ప్రార్థన కూటం. మా కూటంలో ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించడం ఉండదు. అందరూ ఒక్కసారే, కిటికీలు అదిరేలా ప్రార్థిస్తారు. ఎవరి గొంతు ఎక్కువ లేస్తే వాళ్ల మీద అంత శక్తి దిగినట్టు మా లెక్క. ఆ లెక్కలో నేను ఎప్పుడూ ముందుండేదాన్ని.

అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "సహోదరి శాంతి గారికి ప్రభువు చేసిన మేలు..." అంటుండగానే నేను లేచాను. ఇచ్చిన మాట ఆలస్యం చేస్తే బజార్లో పరువుండదు. పైగా డాక్టరు మాట్లాడొద్దన్నది మనుషులతో. దేవుడి పేరు ఎక్కడా ఎత్తలేదు. "దేవుడు నా గొంతు బాగుచేశాడూ!" అని అరిచాను. "హల్లెలూ" దాకా వచ్చింది. మిగతాది రాలేదు. లోపల ఏదో పర్రున చిరిగినట్టయి నోరంతా ఉప్పగా తగిలింది. నేను గొంతు పట్టుకుని కూలబడ్డాను. నా మీద పరిశుద్ధాత్మ దిగిందనుకుని అందరూ "స్తోత్రం! స్తోత్రం!" అని రెట్టింపు అరిచారు.

మర్నాడు డాక్టరుగారు అద్దంలో చూసి మొహం మాడ్చుకున్నారు.

"ఎవరితో మాట్లాడారు?"

"దేవుడితో అండీ" అన్నారు మా ఆయన.

"ఎంత గట్టిగా?"

"నాలుగిళ్ల అవతల షూటింగులో సౌండు రికార్డింగ్ ఆపేశారండీ."

ఆయన నవ్వలేదు. "హెమరేజ్ అయింది, లోపల రక్తం చిమ్మింది. ఇక్కడ స్కార్, అంటే మచ్చ పడితే గొంతు ఇంతే. మళ్లీ మొదటి నుంచి వాయిస్ రెస్ట్. ఈసారి దేవుడితో కూడా వద్దు."

ఆటోలో ఇంటికి వస్తూ ఏడ్చాను. శబ్దం లేకుండా ఏడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. దేవుడు బాగుచేశాడని చెబుతూ, ఆయన బాగుచేసినదాన్నే చింపుకున్న మనిషిని ఇంకేమని అడుగుతాను?

కొట్లో బొమ్మలా కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం మూర్తిగారు వచ్చారు. ఈసారి రాజదర్బారు సీనుకు బట్టలు కావాలి. తన ధర చెప్పారు. కొలతలు రాసుకోవడానికి పలక యాదగిరి పట్టుకుపోవడంతో నేను ఊరికే ఆయన వంక చూశాను.

"అలా చూస్తారేంటండీ? తక్కువేం చెప్పలేదే! సరే, ఇంకాస్త వేస్తాను."

నేను చూస్తూనే ఉన్నాను.

"అబ్బ, మీతో పెట్టుకోలేమండీ. లారీ ఖర్చు కూడా మాదే. ఇక మాట్లాడకండి!"

ఆయన వెళ్లాక, నోరెత్తకుండానే ఇంత మంచి బేరం వచ్చిందేమిటని నవ్వుకున్నాను. నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఇన్నాళ్లూ దేవుడి ముందు నేను కూర్చున్నది మూర్తిగారి కుర్చీలోనే. దేవుడు మౌనంగా ఉంటే, చాల్లేదేమో అనుకుని ధర పెంచుకుంటూ పోయాను. ఆదివారం అన్నాను, ఫాదర్ అంగీలన్నాను, సాక్ష్యం అన్నాను. ఆయన అసలు ఏమీ అమ్మడం లేదు. అపొస్తలుల కార్యాల్లో సీమోను అనే గారడీవాడు పరిశుద్ధాత్మ శక్తిని డబ్బిచ్చి కొనబోయి పేతురు చేత చీవాట్లు తిన్నాడు. ఆ కథ చదివినప్పుడల్లా, వట్టి మూర్ఖుడని అనుకునేదాన్ని. వాడూ మా బజారువాడే.

ఎదుటి స్థలంలో ఆ పూట తుఫాను సీను తీస్తున్నారు. మనిషంత ఫ్యాన్లు, గొట్టాలతో వాన, డబ్బాల్లో మంట. మా పేటలో గాలి, వాన, నిప్పు అన్నీ అద్దెకు దొరుకుతాయి. అవి చూస్తూ బైబిల్లోని ఏలీయా ప్రవక్తను తలుచుకున్నాను. కొండ మీద ఆయన ముందు కొండలను బద్దలుకొట్టే గాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని లేచింది. వాటిలో దేవుడు లేడు. అన్నీ అయ్యాక మెల్లగా ఒక చిన్న స్వరం వినిపించింది. లోకాలను చేసిన శక్తికి అరవాల్సిన అవసరం లేకపోయింది. కొట్లో నా పక్కన కూర్చోవడానికి ఆయనకు నా కేకలేం కావాలి? ఆ రోజు పెదవులు కూడా కదపకుండా, బదులు ఏదీ ఇస్తాననకుండా అడిగాను. గొంతు కావాలి ప్రభువా. రాకపోయినా నన్ను వదలకు.

జవాబు అప్పుడూ రాలేదు. కానీ ధర పెంచాలని మాత్రం అనిపించలేదు.

గడువు తీరాక డాక్టరుగారు మళ్లీ అద్దం పెట్టి, "ఈ... అనండి" అన్నారు. అన్నాను. గదిలో ఎవరో మగమనిషి మాట్లాడినట్టయింది. మా ఆయన వెనక్కి తిరిగి చూశారు.

"స్కార్ కొంచెం ఉంది. పాత గొంతు రాదమ్మా. ఇది ఉంటుంది, ఇదీ మంచి గొంతే" అన్నారు డాక్టరుగారు. ఇంకాస్త పెంచమని అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు కొట్టుకు ఫోన్ చేసేవాళ్లు, "సార్, మేడమ్ ఉన్నారా?" అంటారు. అద్దె తగ్గించమనడానికి చేసిన ఫోనైతే "లేరండీ" అంటాను. చర్చిలో పాట పైస్థాయికి వెళితే నేను మగవాళ్లతో కలిసి కిందే పాడతాను. కూటంలో అందరూ గొంతెత్తినప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటాను. ఆ కేకల్లో దేవుడు లేడని నేననను. ఎవరి ప్రార్థన వాళ్లది. నాకు మాత్రం కూటం ముగిశాక, కుర్చీలు మడిచేటప్పుడు ఆయన దగ్గరగా ఉన్నట్టుంటుంది. సాక్ష్యం సంగతి అయ్యగారు మళ్లీ అడిగారు. రాసిస్తానన్నాను.

చదివేవాళ్లకు ఒక్క మాట. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే కరక్కాయను వదిలేసి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. మాట్లాడొద్దని ఆయన అంటే పాట, ప్రార్థన, హల్లెలూయా అన్నీ అందులో కలిపే అన్నట్టు. దేవుడేమీ అనుకోడు, ఆయనకు చెవుడు లేదు.