తమ్ముడి కోసం సైగలు నేర్చుకున్న మా విమలక్క

నిన్న పొద్దున అశోక్‌నగర్ నుంచి అక్క పక్కింటావిడ ఫోన్ చేసింది.

"అక్క లేస్తలేదమ్మా. మీరు జర జల్ది రండి."

ఆటో ఎక్కాక గానీ ఆ మాట తలకెక్కలేదు. మా విమలక్క ఇక లేదు. గుండె ఆగిపోయిందట.

అక్క తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1969లో చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్నది గుంటూరు, ఇక్కడ ఆఫీసు ఉద్యోగం. మా తమ్ముడు రవికి అప్పుడు ఆరేళ్లు. మాట రాదు. పిలిస్తే చూడడు. ఏం కావాలన్నా గోడకు తల కొట్టుకునేవాడు.

ఆటిజం అనే పేరు మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో అందరూ పిచ్చి అనేవారు.

ఆ ఏడాది ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. అక్క రోజూ నారాయణగూడ నడిచి వెళ్లి, క్లాస్‌మేట్ వాళ్లమ్మ దగ్గర సైగల భాష నేర్చుకుంది. ఆవిడకు పుట్టు చెవుడు.

ఇంటి ఓనరమ్మ అడిగింది. "పోరనికి చెవులు మంచిగనే ఉన్నయి గద, గీ సైగలెందుకు బిడ్డా?"

"మాటలు వాడి లోపలికి వెళ్తున్నాయి పిన్నిగారూ. బయటికి రావడానికే దారి లేదు" అంది అక్క.

నీళ్లు. అన్నం. నొప్పి. నెలల తరబడి వాడి ముందు చేతులు తిప్పుతూనే ఉంది. వాడు కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు.

వానాకాలంలో ఒకసారి పగలూ రాత్రీ ఆగకుండా ఏడ్చాడు. నాన్న ఓపిక అయిపోయింది.

"పిచ్చాసుపత్రిలో వదిలేద్దాం. ఇక మన వల్ల కాదు" అన్నారు. రిక్షా కూడా పిలిచేశారు.

అక్క నేల మీద కూర్చుని, నొప్పా, ఎక్కడ అని చేతులతో అడిగింది.

రవి ఏడుపు ఆపలేదు. కానీ వాడి చేతులు కదిలాయి. నొప్పి అన్నాడు. తర్వాత చెవి పట్టుకున్నాడు.

అదే రిక్షాలో డాక్టర్ దగ్గరికి వెళ్లారు. చెవి నిండా చీము.

తిరిగొచ్చాక నాన్నే వాడి చెవిలో మందు వేశారు. వదిలేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అక్క పెళ్లి చేసుకోలేదు. బ్యాంకులో పనిచేస్తూ రవిని తన దగ్గరే ఉంచుకుంది. ఎవరైనా త్యాగం అంటే కోప్పడేది. "ఇంటికెళ్తే మాట్లాడుకోడానికి నాకు మనిషున్నాడు" అనేది.

నిన్న సాయంత్రం శ్మశానం నుంచి వచ్చాక రవి నా ఎదురుగా నిలబడ్డాడు. అక్క ఎక్కడ అని చేతులతో అడిగాడు. మళ్లీ అడిగాడు.

నాకు వచ్చింది నాలుగైదు సైగలే. నిద్రపోయిందని చెప్పబోయి ఆగిపోయాను. నిద్రపోయినవాళ్లు ఇక రారన్న భయం లేకుండా రాత్రికి వాడు నిద్రపోవాలి కదా.

వాడి పక్కన కూర్చున్నాను.

అక్కా, రవి ఇక నా దగ్గరే ఉంటాడు. నేర్చుకుంటాను.

నీ చేతులకు ఇప్పటికైనా విశ్రాంతి దొరకాలి. నీ మనసు నెమ్మదిగా ఉండాలి.