ఆరడుగుల సైకిల్, ఐదడుగుల బేరం

హైదరాబాద్ మొత్తం మీద గేర్లు లేని సైకిల్‌ని నాకంటే చవగ్గా కొన్న మనిషి ఉంటే నా ముందుకు రమ్మనండి. పదకొండు వేలు చెప్పిన బండిని ఐదు వేల రెండు వందలకు పట్టాను. అదీ నాలుగు నిమిషాల్లో, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆ ఫ్రేమ్ ఆరడుగుల వాళ్ళ కోసం చేసింది. ఆ సంగతి కొనేటప్పుడే తెలుసు. తెలిసే కొన్నాను.

ఎందుకో అర్థం కావాలంటే మా కొట్టు గురించి చెప్పాలి. మా నాన్న నేతవాళ్ళ ఊరి నుంచి అమీర్‌పేటకు వచ్చి లైనింగు గుడ్డల కొట్టు పెట్టాడు. నేను ఆ తాన్ల మధ్యే పెరిగాను. ఇప్పుడు ఆ కొట్లోనే సగం చోటులో జాకెట్లు కుడుతున్నాను. బోణీ బేరాన్ని ఉత్త చేతులతో పంపకూడదని అమ్మేవాళ్ళందరికీ ఒక పట్టింపు ఉంటుంది కదా. మా నాన్న కొనేవాళ్ళకు కూడా ఒకటి పెట్టాడు: "నోట్లకెల్లి ధర వచ్చిందంటే సంచిలకు సరుకు రావాలె." ధర అడిగి, అవతలివాడు ఇస్తానన్నాక వద్దనడం మా ఇంట్లో దొంగతనం కంటే నీచమైన పని.

బోణీ పట్టింపును వాడుకోవడానికే నేను ఏం కొన్నా షట్టర్ ఎత్తే వేళకు వెళతాను. ఆ రోజు పంజాగుట్ట సందులో పాత సైకిళ్ళ దుకాణం ముందు అలాగే నిలబడ్డాను. కొనడానికి కాదు, ఊరికే ధర తెలుసుకుందామని. గోడకు ఆనించి ముదురాకుపచ్చ సైకిల్ ఒకటి ఉంది. దాని పై కడ్డీ దాదాపు నా నడుం దాకా వచ్చింది. దుకాణదారు పదకొండు అన్నాడు. ఎలాగూ ఇవ్వడు కదా అని ఐదు అన్నాను. ఇద్దరం కాసేపు అటూ ఇటూ లాగాం. చివరికి అతను చేతులు దులుపుకున్నాడు.

"ఐదు మీద ఇంకో రెండొందలు ఏస్కో అక్కా. బోణీ టైం, తీస్కపో."

అన్నా, జర నా ఎత్తు చూడు అందామనుకున్నాను. కానీ ధర నా నోటి నుంచి వచ్చేసింది. డబ్బులిచ్చి, దాన్ని తొక్కకుండా నడిపించుకుంటూ కొట్టుకు తీసుకొచ్చాను. తొక్కి చూడాలని కూడా తోచలేదు.

ఆ తర్వాత దాన్ని ఎంతగా ప్రేమించానో చెబితే నవ్వుతారు. ఇంట్లో స్కూటర్ మా ఆయనది. ఎవరినీ అడగకుండా, ఎవరి వెనకా కూర్చోకుండా నేను వెళ్ళగలిగిన మొదటి బండి ఇదే. పొద్దున్నే యూసుఫ్‌గూడలో ఇంటి నుంచి మధురానగర్ మీదుగా, హ్యాండిల్‌కు జాకెట్ల సంచి తగిలించుకుని, వెనక చక్రం కిరకిర వింటూ అమీర్‌పేట చేరేసరికి ఆ రోజుకు సరిపడా సంతోషం దొరికేసేది. మార్చడానికి గేరు లేదు, ఆలోచించడానికి పని లేదు. మరీ ఎత్తు వస్తే దిగి నడవడమే.

చిక్కంతా ఆగడంలోనే. సీటు అడుక్కి దించినా నా బొటనవేళ్ళు మాత్రమే నేలకు తగిలేవి. అందుకని సిగ్నల్ దగ్గర ఫుట్‌పాత్ అంచో, డివైడరో చూసుకుని ఆగేదాన్ని. ఒకసారి ఏదీ దొరక్క పక్కనున్న ఆటో కడ్డీ పట్టుకున్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

"పట్టుకో అక్కా, ఫికర్ లేదు. గని మీటర్ ఏస్తున్న."

హ్యాండిల్ కూడా నాకు దూరమే. చేతులు బారచాపి, ఒంటి బరువంతా అరచేతుల మీద వేసి తొక్కేదాన్ని. ఏడాదిన్నర గడిచాక కుడి చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారడం మొదలైంది. మొదట సైకిల్ దిగాక పది నిమిషాల్లో పోయేది. తర్వాత మధ్యాహ్నం దాకా ఉండేది. ఒక రోజు పెళ్ళివారి పట్టు ముక్క కత్తిరిస్తుంటే కత్తెర జారి గుడ్డ అడ్డంగా తెగింది. అంతవరకు నా కత్తెర నా మాట వినకపోవడం ఎరగను. ముక్క ఇచ్చినావిడకు నిజం చెప్పి, దాని ఖరీదు కట్టాను. ఆవిడ డబ్బులు లెక్క చూసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

పంజాగుట్టలో ఒక డాక్టరమ్మకు చూపించాను. వేళ్ళు నొక్కి చూసి, అరచేతిలో నరం నలుగుతోందని, సైకిల్ మానేయమని చెప్పింది.

"పూర్తిగానా డాక్టర్? వారానికి మూడు రోజులు తొక్కితే?"

"మానేయమన్నాను."

"పోనీ రెండు రోజులు? అదీ నెమ్మదిగా?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఇది కూరగాయల బండి కాదమ్మా, బేరమాడటానికి. మీకు కత్తెర కావాలా, ఆ సైకిల్ కావాలా?" మళ్ళీ పెన్ను అందుకుంటూ మెత్తబడింది. "లేదా మీ ఒంటికి సరిపోయే సైకిల్ ఎక్కండి. అప్పుడు చూద్దాం."

నాకు రెండూ కావాలి. పైగా కుట్టుపని చేసేదాన్ని, ఏదైనా సైజు చేయొచ్చనే నమ్మకం ఒకటి. హ్యాండిల్‌ను దగ్గరికి తెచ్చే పొట్టి మెడ వేయించాను. మెత్త ఉన్న గ్లౌజులు కొన్నాను. డాక్టరమ్మ దగ్గరికి ఇంకోసారి వెళ్ళాను. వేళ్ళు అలాగే ఉన్నాయి. ఆఖరికి ఆ సైకిళ్ళ దుకాణానికే వెళ్ళి, ఇంకేమైనా దించగలవా అని అడిగాను.

"అక్కా, నలభై రెండు సైజు జాకెట్ తెచ్చి ముప్పై రెండు చెయ్యిమంటే చేస్తవా?"

"చేస్తాను. పక్కలు లోపలికి పట్టి కుడతాను."

"మరి భుజాలు?"

భుజాలు జారతాయి. పెద్ద జాకెట్‌ను ఎంత పట్టి కుట్టినా భుజం కొలత మారదని పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే నేర్చుకున్నాను. నా మొహం చూసి అతను నవ్వాడు.

"గదే. గీ బండికి భుజాలు జారుతున్నయ్. నేనేం జేస్త?"

"మరి నాకెందుకు అమ్మావు?"

"నువ్వడిగితివి. బోణీ టైంల కాదంటనా?" మూల నుంచి స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టాడు. "ఇను. నా తాన ఒక సారు వస్తడు. గిదే కంపెనీది, చిన్న సైజు తొక్కుతుండు. మోకాళ్ళు హ్యాండిల్‌కు తాకుతయ్, మిడత లెక్క. ఇద్దరు మార్చుకోరాదు?"

ఆదివారం చర్చి అయ్యాక ఆ సారు దుకాణానికి వచ్చాడు. ఆరడుగులు దాటిన మనిషి. తెల్ల చొక్కా, చేతిలో పాటల పుస్తకం. కోస్తా వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాడట. ఇది తన అక్క ఊరు మారుతూ ఇచ్చిన సైకిల్ అని చెప్పాడు. ఎర్ర రంగు, అక్కడక్కడ పెచ్చులూడింది.

నేను అలవాటు ప్రకారం చుట్టూ తిరిగి వంకలు మొదలుపెట్టాను. రంగు పోయింది. సీటు చిరిగింది.

"అవునండి," అన్నాడాయన. "వెనక బ్రేకు కూడా సరిగా పట్టదండి. మీరు చూడలేదు."

నా జన్మలో సొంత సరుకు వంక తానే చెప్పిన మనిషిని చూడలేదు. తడబడి, నా టైర్లు ఇంకా అరగలేదు కాబట్టి పైన రెండు వేలు ఇవ్వాలన్నాను. వెయ్యికి దిగుదామని మనసులో లెక్క.

"సరేనండి. ఇంతకీ మీ సైకిల్లో నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా అండి?"

అడగనిది చెప్పనక్కర్లేదు, అడిగితే అబద్ధం చెప్పకూడదు. ఇదీ మా నాన్న మాటే. ఎవరూ అడగరనే ధైర్యంతో ఇన్నాళ్ళు వ్యాపారం చేశాను. పెడల్స్ మధ్య ఇరుసు అరిగింది. ఎత్తు ఎక్కుతుంటే టక్ టక్ మంటుంది. మార్చడానికి పద్నాలుగు వందలవుతుందని దుకాణదారు అంతకుముందే చెప్పాడు. అతను ఇప్పుడు ఏమీ తెలియనట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు. ఈయన వెనక్కి తగ్గితే నాకు మిగిలేది కత్తెర ఒక్కటే, సైకిల్ ఉండదు. చెప్పకపోతే ఈయన ఏదో ఎత్తు మీద నన్ను తలచుకుంటాడు.

చెప్పాను.

ఆయన ఏమీ అనలేదు. నాకు మౌనం పడదు. "పోనీ వెయ్యివ్వండి," అన్నాను. ఆయన సైకిల్ వైపే చూస్తున్నాడు. "ఐదొందలు చాలు." ఇంకా పలకలేదు. "సరే, ఏమీ వద్దు."

"అక్కా, నీతోని నువ్వే బేరం జేస్తున్నవ్," అన్నాడు దుకాణదారు.

"నేను డబ్బు గురించి ఆలోచించట్లేదండి," అన్నాడాయన. "ఒకసారి తొక్కి చూడొచ్చా అని."

ఎక్కి సందు చివరిదాకా వెళ్ళాడు. తిరిగి వస్తుంటే కాళ్ళు తిన్నగా, వెన్ను నిటారుగా ఉన్నాయి. నేను ఏడాదిన్నరపైన వేలాడిన సైకిల్ మీద ఆయన తన ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. అది నాది కాదని నాకు అప్పుడు తెలిసింది.

"నా మోకాళ్ళకు ప్రాణం వచ్చిందండి. ముందు అనుకున్న రెండు వేలే ఇస్తానండి. అందులోంచి ఇరుసు వేయించేద్దాం."

తర్వాత నేను ఎర్రదాన్ని ఎక్కాను. ముందు చక్రం బ్రేకు నొక్కి, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగాను. రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఆనాయి. దేన్నీ పట్టుకోలేదు. ఎర్ర లైటు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

ఇది జరిగి నాలుగు నెలలు. డాక్టరమ్మ సైకిల్ ఫొటో చూసి తొక్కమంది. ఉంగరం వేలు పూర్తిగా తిరిగొచ్చింది. చిటికెన వేలి కొన ఇంకా కాస్త మొద్దుగానే ఉంది, అది అలాగే ఉండిపోవచ్చని కూడా చెప్పింది. కత్తెర మాత్రం నా మాట వింటోంది. ఆకుపచ్చ సైకిల్ అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఆయన చెయ్యి ఊపుతాడు, నేను ముందు సైకిల్‌ని, తర్వాత ఆయన్ని చూస్తాను.

ఇక లెక్క. సైకిల్ ఐదు వేల రెండు వందలు. పొట్టి మెడ ఏడు వందలు, గ్లౌజులు నాలుగు వందల యాభై. డాక్టరమ్మకు మూడుసార్లు ఆరేసి వందలు. పట్టు ముక్క తొమ్మిది వందలు. మొత్తం తొమ్మిది వేల యాభై. వచ్చిన రెండు వేలలో ఇరుసుకు పద్నాలుగు వందలు, ఎర్రదాని బ్రేకు రబ్బర్లకు రెండు వందల యాభై పోను, చేతికి మూడు వందల యాభై. మార్చిపెట్టినందుకు దుకాణదారు ఏమీ తీసుకోలేదు, టీ కూడా అతనే తెప్పించాడు. అంటే ఎనిమిది వేల ఏడు వందల రూపాయలు, ఒక చిటికెన వేలి కొన. ఇందులో తగ్గించమని అడగడానికి నాకు ఏమీ కనిపించలేదు.