కొన వంగిన పట్కారు

మెదక్ కాలేజీలో కణవిభజన పాఠం చెప్పే నేను, ఏడుపాయల అమ్మవారి మొక్కు తీర్చనందుకే అక్కకు క్యాన్సర్ వచ్చిందని చుట్టాలు అంటుంటే నోరు మెదపలేదు. అది నా పిరికితనమే. అక్క వాళ్ల మాట నమ్మింది. మొక్కు తీరేదాకా దవాఖానకు రానంది.

అప్పుడు వంటింట్లోంచి పట్కారు తెచ్చాను. కణాలు అడ్డగోలుగా పెరగకుండా ఆపే ప్రోటీన్ డీఎన్ఏను ఇలాగే పట్టుకుంటుందని, పట్టే కొనలో ఒక్క ముక్క మారినా పట్టు జారుతుందని చెప్పాను. అక్క రిపోర్టులో ఉన్న మార్పు సరిగ్గా ఆ కొనలోనే ఉంది.

“అంటే నేను జేసిన తప్పేం లేదా తమ్మీ?”

“లేదక్కా. కొన వంగింది, గంతే.”

“మరి గిన్ని దినాలు నోటికి తాళమెందుకు ఏసుకున్నవ్‌రా?”

నేను పట్కారు కింద పెట్టాను. అక్క చెప్పులు వేసుకుంది.

“నడువు. అమ్మవారు ఆగుతది, బస్సు ఆగదు.”