టంగ్‌స్టన్ అద్దం, వట్టివేళ్ల తడికలు

1963 జూన్‌లో నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరాను. కాలేజీ పేరు రాయను. రాస్తే దానికి లేని గౌరవం ఇచ్చినట్టవుతుంది.

మరుసటి ఏప్రిల్‌లో డిగ్రీ క్లాసులకు గుర్తింపు కోసం యూనివర్సిటీ తనిఖీ సంఘం వస్తుందన్నారు. మా ల్యాబులో లవణాలు గుర్తించడమే కాదు, కష్టమైన పదార్థాలు కూడా తయారవుతాయని వాళ్లకు చూపాలి. టంగ్‌స్టన్ హెక్సాక్లోరైడు చేద్దామన్నది మా డిమాన్‌స్ట్రేటరు సలోమి. రొంపిచెర్ల బడిపంతులు గారమ్మాయి, గుంటూరులో బి.ఎస్సీ. చదివింది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. తనిఖీ బాగా జరిగితే పర్మనెంటు చేస్తానని కాలేజీ కరస్పాండెంటు గారు నా ఎదుటే ఆమెకు మాటిచ్చారు. ఊళ్లో పెద్ద భూస్వామి, ఆయన మాటే కాలేజీకి చట్టం.

పద్ధతి చెబుతాను. గట్టి గాజుగొట్టంలో టంగ్‌స్టన్ పొడి పెట్టి కాలుస్తూ, గంధకామ్లం గుండా పంపి ఆరబెట్టిన క్లోరిన్‌ను దాని మీదుగా పోనివ్వాలి. గొట్టం చల్లగా ఉన్న చోట ముదురు ఊదారంగు స్ఫటికాలు పేరుకుంటాయి. అదే హెక్సాక్లోరైడు. దానిని వేరే గొట్టంలోకి మార్చి హైడ్రోజన్‌లో కాలిస్తే క్లోరిన్ పోయి, గాజు లోపల లోహం అద్దంలా మెరుస్తుంది. దీన్ని క్షయకరణం అంటాం. దీనికి శత్రువు తేమ ఒక్కటే. చెమ్మ తగిలితే స్ఫటికాలు పొగలు కక్కి, నారింజగా, పసుపుగా మారిపోతాయి. ఇక అద్దం పడదు. మా దగ్గర గాలి చొరని పెట్టె లేదు. పల్నాడు ఎండను నమ్ముకున్నాం. ఆ నెలలో అక్కడి గాలికి పెదవులే పగులుతాయి. మూడుసార్లు చేసి చూస్తే మూడుసార్లూ అద్దం పడింది.

తనిఖీ ఉదయం స్ఫటికాలున్న రెండు గొట్టాల మూతులు కరిగించి మూసి సిద్ధంగా పెట్టి, మేమిద్దరం అతిథులను తీసుకురావడానికి ఆఫీసుకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి ల్యాబు కిటికీలన్నిటికీ వట్టివేళ్ల తడికలు వేలాడుతున్నాయి. కరస్పాండెంటు గారి మనుషులు వాటి మీద కుండలతో నీళ్లు పోశారు. నేల కూడా కడిగారు. అతిథులకు చల్లగా ఉండాలట. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రయోగం మధ్యాహ్నానికి మార్చమని ఆయన చెవిలో చెప్పాను. వచ్చినవాళ్లను నిలబెట్టి పరువు తీయొద్దని కసిరారు.

సలోమి మొదటి గొట్టం పగలగొట్టింది. స్ఫటికాలు మారుస్తుండగానే పొగ లేచింది, ఊదారంగు నారింజకు తిరిగింది. హైడ్రోజన్‌లో కాలిస్తే గాజుకు నీలపు మసి అంటుకుంది తప్ప అద్దం పడలేదు.

"ఏందమ్మాయ్, అద్దమన్నావు, మసి చూపిస్తన్నావు?" అన్నారు కరస్పాండెంటు గారు అందరి ముందూ.

ఆమె తల వంచలేదు. "తడికలు తడిపారండి. నన్నడక్కుండా నీళ్లు పోస్తే ఇట్టాగే అవుద్దండి."

యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు ఒక తడికను చేత్తో తాకి చూశారు. రెండో గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఇంత చెమ్మలో టంగ్‌స్టనే ఇలా నీలపు మసి అవుతుందని, అదే సరుకు అసలుదనడానికి రుజువని, ఇంకేమీ చూపనక్కర్లేదని అన్నారు. గుర్తింపు వచ్చింది. రిపోర్టులో ఆ తయారీని మెచ్చుకున్నారని కరస్పాండెంటు గారే సభ పెట్టి చదివి వినిపించారు.

జూన్‌లో పర్మనెంటు ఉత్తర్వు ఆయన మేనల్లుడి పేరున వచ్చింది. నేను ఆయన ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన దాచుకోలేదు.

"నలుగుర్లో నన్ను తప్పు పట్టిన మనిషిని నేనెట్టా ఉంచుకుంటానయ్యా?"

తప్పు మీదే కదా అన్నాను. కాఫీ తాగి వెళ్లమన్నారు. తాగలేదు. ఆ కోపం నాకిప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. సలోమి మాచర్లలో హైస్కూలు టీచరుగా చేరింది. ఆమె చేసిన పదార్థం మీద వచ్చిన గుర్తింపుతో ఆ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ ఏడాది ఆఖరున నేనూ రాజీనామా ఇచ్చాను. తరువాత పనిచేసిన ప్రతిచోటా ల్యాబు తాళం డిమాన్‌స్ట్రేటరు దగ్గరే ఉంచాను. అతిథులకు చెమటలు పోస్తే పోయనిచ్చాను. పర్మనెంటు ఉత్తర్వు చేతికి రానిదే నా కింద పనిచేసేవాళ్లెవరి పనినీ తనిఖీ సంఘం ముందు పెట్టనివ్వలేదు.