లచ్చయ్య చూడని చైనా

లచ్చయ్య చైనాకు రెండుసార్లు వెళ్లాడు. చైనాను చూడలేదు.

అతనిది నల్లగొండ దగ్గర పల్లె. చైతన్యపురిలో ఒక విద్యార్థి హాస్టల్లో పద్దెనిమిదేళ్లు వండాడు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో యాత్రల ఆఫీసు నడిపే సూర్యప్రభ అతన్ని పనిలో పెట్టుకుంది. ఏ దేశం వెళ్లినా ఆమె యాత్రికులకు మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు కావాలి. అందుకని ప్రతి బృందంతో ఒక వంటమనిషి వెళ్తాడు. కుక్కర్లు, కరెంటు పొయ్యిలు, బియ్యం, పచ్చళ్లు అతని వెంట వెళ్తాయి.

లచ్చయ్యది ఒకటే పట్టు. అన్నం పొగలు కక్కాలి. జనం కోటలు చూడబోతే అతను హోటల్ వెనక గదిలో పప్పుకు తాలింపు పెట్టేవాడు. వాళ్లు ఎంత ఆలస్యమైనా తిరిగొచ్చి తినేవాళ్లు. అతను గిన్నెలు కడిగేవాడు.

మొన్న మార్చిలో అతనికి టైఫాయిడ్ వచ్చింది. బదులుగా బాపిరాజు చైనా వెళ్లాడు. భీమవరం వైపు మనిషి, ఎల్బీ నగర్‌లో పెళ్లి వంటలు చేస్తాడు. పొద్దున్నే పులిహోర కలిపి, డబ్బాల్లో సర్ది, రోజూ అందరితో పాటు బస్సెక్కాడు.

తిరిగొచ్చాక మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర కనిపించాడు.

“ఏమండోయ్ లచ్చయ్యగారూ, మీరు రెండుసార్లు వెళ్లారు కదండీ. ఆ గోడ ఎలా ఉందండి?”

“గోడ లెక్కనే ఉంది.”

“అబ్బే, ఎక్కితే మోకాళ్లకు తెలుస్తుందండి.”

బాపిరాజు చెబుతూ పోయాడు. వరసల్లో నిలబడ్డ మట్టి సైనికులు. వాళ్లలో ఒకడిది అచ్చం తన బావమరిది మొహం. వీధిలో పిండిముద్దను చేత్తో లాగి లాగి ఒకే పోగుతో గిన్నె నింపిన ముసలామె. పొద్దున హోటల్లో పోసే జావ.

“ఏం జావ?”

“ఏవో గింజలండి. ఆవగింజంత. పసుప్పచ్చగా ఉన్నాయి.”

కొర్రలు. లచ్చయ్య గ్లాసు కింద పెట్టాడు. చిన్నప్పుడు అమ్మ కాచిన జావ అది. పై అంతస్తులో అది పోస్తున్న పొద్దుల్లో కింద అతను ఉప్మా కలిపాడు. ఆ గింజ పేరైనా తెలియని బాపిరాజు తాగి వచ్చాడు.

ఆ వారమంతా ఇంట్లో కూరలకు కారం ఎక్కువైంది. భార్య శివమ్మ ఊరుకోలేదు.

“పోయొచ్చింది ఆయన. మంట నీకు. నోరు కాలేది మాకా?”

నవంబరు బృందం ఖాయమైంది. లచ్చయ్య సూర్యప్రభ ముందు నిలబడ్డాడు.

“మేడమ్, గోడ దినం నేను గూడ ఒస్త. పులిహోర కడ్త.”

“జనం నిన్ను అడిగేదే వేడన్నం కోసం, లచ్చయ్యా. పులిహోర అయితే రాజుగారు ఉన్నరు గద.”

“అయితే ఆయన్నే పంపుండ్రి.”

సూర్యప్రభ చాలాసేపు కంప్యూటర్ వైపు చూసింది.

“ఒక్క దినమే. తిండి మీద ఒక్క మాట ఒచ్చినా, మళ్లోసారి రాజుగారే.”

చైనా చేరిన మర్నాడు పొద్దున జావ తాగాడు. కొర్రలే. ఉప్పు లేదు. రెండో గిన్నె కూడా తాగాడు.

నాలుగో రోజు గోడ ఎక్కాడు. ఒక కొండ అయిపోతే ఇంకో కొండ మీద గోడ కనిపించింది. గాలికి చెవులు నొచ్చాయి. బాపిరాజు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అది ఒప్పుకోవడం కూడా కష్టంగానే అనిపించింది.

కిందికి దిగి డబ్బాలు తెరిచారు. చలికి పులిహోర గట్టిపడింది. సైదాబాద్ నుంచి వచ్చిన పాత హెడ్మాస్టరు చెంచాతో పొడిచి చూశాడు.

“గీ ఇటుక గా గోడల పెట్టిరా పో.”

అందరూ నవ్వారు. సగం మంది తినలేదు. ఒకావిడ మెల్లగా అంది, “మార్చిల మా అక్క ఒచ్చింది. రాజుగారిది పొద్దుగూకేదాంక మెత్తగనే ఉండెనట.”

లచ్చయ్య తన డబ్బా మొత్తం తిన్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం గదిలోంచి బాపిరాజుకు ఫోన్ చేశాడు.

“గోడ చూశారాండి?”

“చూసిన. పులిహోర గట్టిపడ్డది, రాజూ. నీది మెత్తగెట్ల ఉండె?”

“నువ్వుల నూనె అండి,” అన్నాడు బాపిరాజు.

ఎంత పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో చెప్పలేదు. లచ్చయ్య అడగలేదు. తనైనా చెప్పేవాడు కాదు.