జయకుమారి తన్నిన డ్రమ్ము

జయకుమారి గొంతు పెద్దది. దర్శి దగ్గర పొగాకు కాల్చే బ్యారన్‌కి మంట ఎగదోసే తండ్రికీ, పందిట్లో ఆకు గుచ్చే తల్లికీ మధ్య కేకలేస్తూ పెరిగిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎవరు నేర్పుతారు? అద్దంకి రోడ్డు మీది సర్కారు ఆసుపత్రికి నర్సుగా వచ్చి అక్కడే ఉండిపోయింది. పురుగుమందు తాగినవాళ్ల నోట్లో గొట్టం దించీ దించీ ఆమె వేళ్ల మీద పంటిగాట్లు మిగిలాయి. పెళ్లెందుకు చేసుకోలేదమ్మా అని ఆరా తీసినవాళ్లకు సూది కాస్త గట్టిగా దిగేదని కూడా ఊళ్లో చెప్పుకుంటారు.

ఆ కార్తీకంలో, మిట్టమధ్యాహ్నం, ఊరి చివర కోల్డ్ స్టోరేజీ అంటుకుంది. లోపల మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు, టిక్కీ బస్తాలు మోసే హమాలీలు ఉన్నారు. కాలి ఎర్రబడ్డ రేకులు మనుషుల మీద కూలాయి. ఒకతని చెయ్యి రేకు కిందే తెగిపడిపోయింది. బయటపడ్డవాళ్లు మిర్చి పొగకు కళ్లు కనపడక, కిందపడ్డవాళ్లను తొక్కుకుంటూ పరిగెత్తారు.

డాక్టరు ప్రాణం మీదికొచ్చినవాళ్లను మొదటి అంబులెన్సులో వేసుకుని గుంటూరు వెళ్లిపోయాడు. మిగిలినవాళ్ల భారమంతా జయకుమారి మీద పడింది. ఆసుపత్రి పక్కనే మిర్చి ఆరబోసే కల్లంలో పట్టాలు పరిపించింది. ఒళ్లు కాలినవాళ్లు ఒక పట్టా మీద, ఊపిరాడనివాళ్లు ఇంకో పట్టా మీద, నడవగలిగినవాళ్లు దూరంగా గట్టు మీద అని విడగొట్టింది. తమ మనిషిని ముందు చూడలేదని ఇద్దరు ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చారు. విడిపించుకుని, మళ్లీ కట్లు కట్టడానికి కూర్చుంది.

కళ్లు కడగడానికి ఆసుపత్రి ట్యాంకు నుంచి బిందెలతో మోసుకొచ్చే నీళ్లు చాలలేదు. అప్పుడు యలమంద అనే రైతు ట్రాక్టరు మీద నీలం డ్రమ్ము నిండా కాలవ నీళ్లు తెచ్చాడు. కూలికొచ్చిన అతని భార్య లక్ష్మీదుర్గ గట్టు మీద ఉంది. ముందు ఆమె తల మీద రెండు చెంబులు గుమ్మరించాడు. తర్వాత అందరూ కడుక్కున్నారు. హమాలీ గఫూర్ దాహానికి కడుపునిండా తాగాడు.

కాసేపటికి గట్టు మీదివాళ్లు పడిపోసాగారు. పెద్ద దెబ్బలేవీ లేనివాళ్లే, నోట నురగ కక్కుతూ కాళ్లు తన్నుకుంటున్నారు. జయకుమారి లక్ష్మీదుర్గ రెప్ప ఎత్తింది. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. పొగకు కన్ను మండుతుంది గాని, కంటిపాప అలా ముడుచుకోదు. ఇది చేలో కొట్టే మందు. డ్రమ్ములోకి చూస్తే నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. మిర్చి ఘాటుకు కళ్లు తెరవలేక ఆ రంగు, ముక్కులు మొద్దుబారి ఆ వాసన ఒక్కరికీ తెలియలేదు.

డ్రమ్మును కాలితో తన్నింది. నీళ్లన్నీ దిగువకు పారాయి. యలమంద ఉరికొచ్చి ఆమె చెంప పగలగొట్టాడు.

"ఏమే, జనం కళ్లు పోయి చస్తుంటే నీళ్లు పారబోస్తావా?"

జయకుమారి నోట్లో రక్తం ఉమ్మేసింది. "పొద్దున దీంట్లో ఏం కలిపావురా?"

యలమంద పడున్న డ్రమ్ములోకి వంగి చూశాడు. పొద్దున తోటకు మందు కొట్టాడు. అడుగున మిగిలింది పారబోయకుండానే, పొగ చూసిన కంగారులో డ్రమ్ము నింపుకొచ్చాడు.

అది అర్థమయ్యేసరికి జనం అతని మీద పడ్డారు. బస్తాలు లాగే కొక్కెం ఒకటి అతని భుజంలో దిగింది. జయకుమారి మధ్యలో దూరింది.

"వాణ్ణి చంపితే పడుకోబెట్టడానికి నా దగ్గర పట్టా లేదు. ఒంటికి తగిలినా ఎక్కుతుంది ఆ మందు. తడిసినవాళ్ల బట్టలు చించండి, ఆడా మగా అందరివీ."

ఆడవాళ్లను నలుగురిలో బట్టలిప్పుతావా అని మగాళ్లు అడ్డం తిరిగారు. గఫూర్ భార్య జానీబీ వాళ్లను తోసేసి, ముందు లక్ష్మీదుర్గ చీర చించేసింది. పట్టాలు ఎత్తి చాటు పట్టారు. యలమంద నెత్తురోడుతున్న భుజంతోనే ఆసుపత్రి ట్యాంకు నుంచి బిందెలు మోశాడు. సబ్బుతో ఒళ్లు తోముతుంటే జయకుమారి ఒకరి తర్వాత ఒకరికి విరుగుడు సూదులు పొడిచింది. గఫూర్‌కు మాత్రం ఎన్ని పొడిచినా లాభం లేకపోయింది. ఛాతీ మీద ఆమె గుద్దుతుండగానే పోయాడు.

సాయంత్రానికి లక్ష్మీదుర్గ కళ్లు తెరిచి, ఒంటి మీది గోనెపట్టా చూసుకుని, మొగుణ్ణి బూతులు తిట్టింది. యలమంద ఏడుస్తూ వచ్చి, జయకుమారి ముందు చెంప చూపించి కొట్టమన్నాడు.

"కొట్టించుకోవాల్సింది నా చేత కాదు," అని ఆమె జానీబీ వైపు చూపించింది.

వెళ్లాడు. జానీబీ లేచి కొట్టింది. అరచెయ్యి వాచేదాకా కొట్టింది. అతను తల దించుకుని కదలకుండా నిలబడ్డాడు. తర్వాత జానీబీ తలవైపు, అతను ఒంటిచేత్తో కాళ్లవైపు పట్టుకుని గఫూర్‌ను ట్రాక్టరు ఎక్కించారు.

జయకుమారి అటు చూడలేదు. ఇంకో మనిషి రెప్ప ఎత్తి చూస్తోంది.