ఇద్దరల్లుళ్ళ కంప్యూటర్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, పట్టుబట్టి కూర్చుంటే కాని పని లోకంలో ఉండదని. దాన్ని పరీక్షించడానికే దేవుడు మా చిన్నాయన అంగట్లో ఒక ముసలి కంప్యూటర్‌ను పెట్టాడనుకుంటాను. పుదుచ్చేరి పెద్ద మార్కెట్ పక్క వీధిలో ఆయనది ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు పాత్రల వ్యాపారం. చదువు ముగించి అక్కడ బిల్లులు రాయడానికి చేరిన నేను, 'చేత్తో రాసేదేంది చిన్నాయనా, కంప్యూటర్‌లో కొడతా' అని పోరుపెట్టి, ఎవరో వాడి వదిలేసినదాన్ని తెప్పించాను. చిన్నాయన దానికి పసుపు కుంకుమ పెట్టాడు, నాకు షరతు పెట్టాడు. "బోణీ బిల్లు దాంట్లోనే పడాల మ్మే. దానివల్ల బోణీ పోతావుంటే దాన్ని గోడౌన్లో ఏస్తా, నువ్వు ఇంట్లో కూర్చో."

మొదట్లో అది బుద్ధిగానే లేచేది. తర్వాత చిన్నాయన పెద్దల్లుడు, అంటే మా పెద్దబావ, లాస్‌పేట ఆఫీసు నుంచి పెన్‌డ్రైవ్‌తో వచ్చి, వైరస్ వస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుందని భయపెట్టి యాంటీవైరస్ వేసి వెళ్ళాడు. (ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్టే లేదు. వైరస్ రావాలంటే బస్సెక్కి రావాలి.) సంగతి విని తట్టాంచావడిలో వర్క్‌షాపు ఉన్న చిన్నబావ ఊరుకుంటాడా? "అన్న ఏసింది ఉత్తది మామా" అని తనదొకటి వేశాడు. ఆ రోజు నుంచి స్విచ్ వేయగానే ఆ కాపలాదార్లిద్దరూ ఒకరినొకరు దొంగనుకుని సోదా చేసుకునేవారు. నేను సాంబ్రాణి వేసి, పాత్రలు తుడిచి, కాఫీ తాగి వచ్చినా తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఇడ్లీ పాత్ర కొనడానికి వచ్చిన ఒకావిడ "బిల్లుకి ఇంతసేపా?" అని ఎదురంగడికి వెళ్ళిపోయింది. చిన్నాయన మొహం మాడిన గిన్నె అడుగులా అయింది.

"ఒకటి తీసేస్తే చాలు చిన్నాయనా."

"శరి, ఎవురిది తీస్తావు?"

అల్లుళ్ళిద్దరికీ వడలు సమానంగా లెక్కపెట్టి వడ్డించే ఇల్లు మాది. ఎవరి యాంటీవైరస్ తీసినా ఒక అక్క పుట్టింటికి రావడం మానేస్తుంది. పొద్దున్నే వచ్చి స్విచ్ వేద్దామంటే షట్టర్ చిన్నాయన చేత్తోనే లేవాలి. రాత్రి ఆపకుండా వదిలేద్దామంటే ఆయన మెయిన్ ఆపిగాని తాళం వేయడు. అయినా సరే, ఆ కుర్చీ వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆయుధపూజనాడు కంప్యూటర్‌కు చందనం పూసి విశ్రాంతి ఇచ్చాం. మర్నాడు విజయదశమి, మంచి గడియలో బోణీ. అల్లుళ్ళిద్దరూ సకుటుంబంగా వచ్చారు. పక్కింటాయన బోణీ కోసం ఒక చెంబు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను స్విచ్ వేశాను. చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది.

"నీది అడ్డం పడతావుండాది తమ్ముడూ" అన్నాడు పెద్దబావ.

"నాదా? మీది దోవ ఇడస్తే కదన్నా!"

చిన్నాయన గడియారం చూశాడు, తర్వాత తెరిచి ఉన్న గోడౌన్ తలుపు చూశాడు. అంత భయంలోనూ నాకు మా ఇంటి వడలే గుర్తొచ్చాయి. లేచి నిలబడి, "ఇద్దరిదీ తీసేస్తా" అన్నాను.

తమలపాకుకు సున్నం రాస్తున్న పిన్నమ్మ తలెత్తకుండానే, "తీసెయ్ మ్మే. ఇద్దురికీ సమంగా పోతాది" అంది.

బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తనదొక్కటే కాదు, ఎదుటివాడిదీ పోతోందని తెలిశాక ఇద్దరి మొహాలూ తేటపడ్డాయి. రెండూ పీకేసి మళ్ళీ స్విచ్ వేస్తే ముసలిది చక్కగా లేచి కూర్చుంది. గడియ దాటకముందే బిల్లు కొట్టాను. చిన్నాయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, గోడౌన్ తలుపు తనే మూశాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

ఇప్పుడు కోసపాళయంలో నాదే ఒక చిన్న పాత్రల అంగడి. మొన్న కొత్తల్లుడు వచ్చి, "అత్తా, మీ కంప్యూటర్‌కి కాపలా లేదే" అని ఒక యాంటీవైరస్ వేసి వెళ్ళాడు. నా కంప్యూటర్‌కూ వయసైంది, పొద్దున్నే చక్రం మొదలవుతుంది. "తీసెయ్ మ్మా" అంటుంది నా కూతురే. తీసేద్దామని రోజూ మౌస్ మీద చెయ్యి పెడతాను. అల్లుడు వేసింది, ఎలా తీసేది? ఆనాటి మొండిపిల్ల చూస్తే నవ్విపోతుంది. బోణీ బిల్లు మాత్రం చేత్తోనే రాసేస్తున్నాను.